పండుగ మూడు రోజులు, డబ్బా నెల రోజులు

దసరాకు పొయ్యి మీదికెక్కిన బాణలి సంక్రాంతి ముక్కనుమ దాటేదాకా దాదాపు దిగదు. మధ్యలో దీపావళి మిఠాయిలు, కార్తికంలో వనభోజనాలు, మార్గశిరంలో పెళ్లి విందులు, ధనుర్మాసపు ప్రసాదాలు, క్రిస్మస్ కేకులు, కొత్త సంవత్సరపు అర్ధరాత్రి బిర్యానీలు వరుస కడతాయి. ఫిబ్రవరిలో ప్యాంటు నడుము దగ్గర బిగిసినప్పుడు, జాకెట్టు కుట్లు విప్పుకోవలసి వచ్చినప్పుడు మాత్రం నింద అంతా సంక్రాంతి మూడు రోజుల మీదే పడుతుంది. లెక్క వేసి చూస్తే ఆ మూడు రోజుల వాటా చిన్నదే. పెద్ద వాటా స్టీలు డబ్బాది. పండుగకు పది రోజుల ముందే నిండి, పండుగ వెళ్లిన మూడు వారాల దాకా ఖాళీ కాని డబ్బా అది.

ఈ తేడా గమనించకపోవడం వల్ల రెండు వైపులా నష్టపోతున్నాం. పండుగ నాడు ఇష్టంగా తినవలసిన బూరెను భయపడుతూ తింటాం. ఆ తర్వాత ఇరవై రోజులు సాయంత్రం టీతో తినే జంతికలను లెక్కలోకే తీసుకోం.

రోజుకు ఒక చెంచా నూనె

పండుగల కాలంలో బరువు ఎంత పెరుగుతుందన్న విషయంపై తరచూ ప్రస్తావించే అధ్యయనం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులది. 2000 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 195 మంది పెద్దవాళ్లను శరత్కాలం నుంచి వసంతం దాకా కొన్ని వారాలకోసారి తూచి చూశారు. నవంబరు మధ్య నుంచి జనవరి వరకు, అంటే వాళ్ల థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం కలిసిన కాలంలో సగటున పెరిగింది 0.37 కిలోలు మాత్రమే. ఎంత పెరిగి ఉంటారో చెప్పమంటే మాత్రం వాళ్లు ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ చెప్పారు.

ఇంత తక్కువైతే దిగులెందుకు అనిపిస్తుంది. ఆ అధ్యయనంలో ముఖ్యమైన సంగతి ఆ తర్వాత తేలింది. ఏడాది తిరిగాక వాళ్లలో 165 మందిని మళ్లీ తూచినప్పుడు పండుగలకు చేరిన బరువు తగ్గలేదు. ఏడాది మొత్తం మీద పెరిగిన బరువులో సగానికి పైగా ఆ కొద్ది వారాల్లో చేరినదే. ముప్పై ఏళ్ల వయసులో మొదలై ప్రతి పండుగ కాలం ఇలా మూడొందలు, నాలుగొందల గ్రాములు మిగిల్చి వెళితే, యాభై ఏళ్లకు ఏడెనిమిది కిలోలు. నడివయసు పొట్ట ఒక్కసారిగా రాదు, ఇలా పండుగ వెంట పండుగగా వస్తుంది. అప్పటికే బరువు ఎక్కువగా ఉన్నవాళ్లలో రెండు కిలోలకు మించి పెరిగే ధోరణి ఎక్కువగా కనిపించిందన్నది కూడా అదే అధ్యయనం చెప్పిన మాట.

0.37 కిలోలను శక్తి లెక్కలోకి మార్చి చూడాలి. ఒంట్లో చేరే కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. ఆ ప్రకారం 0.37 కిలోలంటే 2,850 కేలరీలు. రెండు నెలలకు పంచితే రోజుకు యాభై కూడా పడవు. ఒక చిన్న చెంచా నూనెలో ఉండేది 45 కేలరీలు. అంటే అరవై రోజుల పాటు రోజూ ఒక చెంచా నూనె అదనంగా లోపలికి వెళితే చాలు, పండుగ కాలపు సగటు బరువంతా వచ్చేస్తుంది. శరీరం మరీ ఇంత గణితబద్ధంగా నడవదు. ఒక రోజు ఎక్కువ తింటే మర్నాడు ఆకలి కొంత తగ్గుతుంది, కొంత శక్తి వేడిగా పోతుంది. అయినా ఎక్కడ వెతకాలో ఈ లెక్క చూపిస్తుంది. విందు రోజున కాదు, విందుల మధ్య రోజుల్లో వెతకాలి.

పండుగ మూడు రోజులు కడుపు నిండా తిని, రోజుకు వెయ్యి కేలరీలు ఎక్కువైనా మొత్తం మూడు వేలు. అవన్నీ కొవ్వుగా మారినా నాలుగొందల గ్రాములు. అదే, పండుగకు ముందూ వెనకా కలిపి నలభై రోజులు రోజుకు 200 కేలరీల చిరుతిండి అదనంగా నడిస్తే ఎనిమిది వేలు. రెండు వందల కేలరీలంటే ఎంతో కాదు. టీ కప్పు పక్కన పెట్టుకున్న రెండు చెక్కలు, ఒక సున్నుండ.

ఏ జనం ఆ జనం పండుగలకే బరువు పెరుగుతారని 2016లో అదే పత్రికలో వచ్చిన మరో పరిశీలన చూపింది. అమెరికా, జర్మనీ, జపాన్ దేశాల్లో ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ తూకం యంత్రాల నుంచి దాదాపు మూడు వేల మంది బరువులు తీసుకుని ఏడాది పొడవునా చూశారు. మూడు దేశాల్లోనూ క్రిస్మస్, కొత్త సంవత్సరం తర్వాత బరువు ఎక్కింది. దానితో పాటు జపానువాళ్లకు ఏప్రిల్ చివర వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల్లో, జర్మన్లకు ఈస్టర్‌కు, అమెరికన్లకు థ్యాంక్స్‌గివింగ్‌కు విడిగా పెరుగుదల కనిపించింది. ఎక్కిన దానిలో సగం కొద్ది రోజుల్లో దిగింది, మిగిలిన సగం వేసవి దాకా నిలిచింది. తెలుగువారికి ఈ పండుగలు ఒకటీ రెండూ కావు. బతుకమ్మ, దసరా నుంచి సంక్రాంతి దాకా మూడు నెలలకు పైగా సాగే కాలం అది.

నిల్వ ఉండేవి, ఉండనివి

మన పండుగ వంటలను తీపివి, కారపువి అని విడదీయడం అలవాటు. బరువు సంగతి ఆలోచించేటప్పుడు మరో విభజన ఎక్కువ పనికొస్తుంది. పులగం, చక్కెర పొంగలి, పులిహోర, దద్ధోజనం, గారెలు, పూర్ణం బూరెలు, పాయసం ఆ పూటకు వండుకునేవి. మహా అయితే మర్నాటి దాకా ఉంటాయి, ఆపై పులుస్తాయి లేదా జిగురు కడతాయి. అరిసెలు, సకినాలు, జంతికలు, చెక్కలు, గవ్వలు, కజ్జికాయలు, సున్నుండలు, పూతరేకులు నిల్వ వంటలు. మూత గట్టిగా పెడితే వారాల తరబడి చెడవు.

మొదటి రకానికి హద్దు దానిలోనే ఉంది. ఎంత రుచిగా ఉన్నా పొంగలి ఎల్లుండికి ఉండదు. రెండో రకానికి ఆ హద్దు లేదు. ఎందుకు లేదో చూస్తే బరువు రహస్యం కూడా అక్కడే దొరుకుతుంది. తిండిని పాడుచేసే సూక్ష్మజీవులకు నీరు కావాలి. నిల్వ వంట చేయడమంటే పిండిలోని నీటిని వెళ్లగొట్టి, ఆ చోటులో నూనెనో పాకాన్నో నింపడం. బాణలిలో జంతిక వేయగానే చిటపటమంటూ పైకి వచ్చే బుడగలు పిండిలోంచి ఆవిరై పోతున్న నీరే. ఆ నీరు ఖాళీ చేసిన సందుల్లోకి నూనె చేరుతుంది. బుడగలు ఆగిపోతే వేగినట్టు గుర్తు, అంటే నీరు అయిపోయినట్టు గుర్తు. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే కాబట్టి 100 గ్రాముల అన్నానికి 130 కేలరీలు దాటవు. అదే 100 గ్రాముల జంతికల్లో సుమారు 500 ఉంటాయి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడంలో తిన్నదాని పరిమాణానికి పెద్ద పాత్ర ఉంది. జంతికలకు పరిమాణం తక్కువ, శక్తి ఎక్కువ. అందుకే అవి ఎన్ని తిన్నా ఆపబుద్ధి కాదు, ఆ తర్వాత అన్నమూ మానబుద్ధి కాదు.

అరిసె సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి. బియ్యం ముందు రోజే నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే పిండి పట్టిస్తారు. బెల్లం పాకం మరుగుతుండగా ఒక చుక్క తీసి నీళ్ల గిన్నెలో వేస్తే అది వేళ్ల మధ్య మెత్తటి ఉండ కావాలి. అప్పుడు పిండి పోసి తిప్పితే చలిమిడి తయారవుతుంది. చిన్న ఉండను నెయ్యి రాసిన ఆకు మీద వత్తి, నువ్వులద్ది నూనెలో వదిలితే పొంగుతుంది. దాన్ని తీసి రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. ఆ నొక్కుడుకు ధార కట్టి నూనె కారుతుంది, అయినా కొంత లోపలే ఉంటుంది. ఇంత శ్రమ, ఇంత ఒడుపు ఉన్న వంటను రోజువారీ చిరుతిండిలా నడుస్తూ నడుస్తూ నమలడం ఆ వంటకే అన్యాయం.

ఇప్పుడు లెక్క. కిలో బియ్యంలో 3,500 కేలరీలు. దానికి పడే ముప్పావు కిలో బెల్లంలో 2,650. నువ్వులు, అరిసెల్లో మిగిలిపోయిన నూనె కలిపి మరో 1,800 వేసుకోవచ్చు. మొత్తం ఎనిమిది వేలకు దగ్గర. చేతివాటాన్ని బట్టి నలభై, యాభై అరిసెలు వస్తాయి కాబట్టి ఒక్కోటి 160 నుంచి 200 కేలరీలు. ఇందాకటి 7,700 అంకెతో పోల్చి చూస్తే, కిలో బియ్యం పోసి చేసిన అరిసెల్లో ఉన్న శక్తీ, మనిషి ఒంట్లో కిలో కొవ్వులో ఉండే శక్తీ దాదాపు సమానం. ఇంట్లో ఐదు కిలోల బియ్యానికి అరిసెలు చేస్తే, అవి ఎవరో ఒకరి ఒంట్లోకి వెళ్లవలసిందే. అరవై కిలోల మనిషి ఒక అరిసెను నడకతో ఖర్చు చేయాలంటే ముప్పావు గంట పైగా చురుగ్గా నడవాలి.

అయితే ఐదు కిలోలు చేయడం మన పెద్దల తప్పు కాదు. అరిసెలు ఆ కొలతలో పుట్టిన రోజుల్లో వాటిని తినే నోళ్లు వేరు. పంట ఇంటికి వచ్చిన వేళ పాలేర్లకు, చాకలికి, మంగలికి, వాకిట్లోకి వచ్చిన హరిదాసుకు, గంగిరెద్దులవాళ్లకు, ఇరుగుపొరుగుకు, ఆడపిల్ల అత్తవారింటికి సారెగా పంచగా మిగిలినవే ఇంట్లో ఉండేవి. పిండి రోట్లో దంచేవారు. తిన్నవాళ్లు కోతలు కోసి, కుప్పలు నూర్చి వచ్చినవాళ్లు. ఆ కొలత ఇప్పటికీ చాలా ఇళ్లలో అలాగే ఉంది. పంచుకునే చేతులు తగ్గాయి, తినేది ఫ్లాటులో నలుగురు, ఆ నలుగురిలో ముగ్గురు రోజంతా కుర్చీలో ఉంటారు. పరంపర అంటే వంట ఒక్కటే కాదు, ఆ వంటను పంచే పద్ధతి కూడా. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయడం వల్లే డబ్బా నెల రోజులు నిలుస్తోంది.

చేసుకునే ఓపిక లేదని స్వగృహ దుకాణాల నుంచి తెచ్చుకునేవాళ్ల పరిస్థితి ఇంకో రకం. అక్కడ అరిసెలు, సున్నుండలు సంవత్సరమంతా దొరుకుతాయి. ఏడాదికోసారి వచ్చే తిండి వారానికోసారి వస్తోంది. పండుగ ఇక మామూలు రోజులకు పైన మరో పొర అవుతుంది తప్ప మార్పు కాదు.

"బెల్లమే కదా" అన్న సమాధానం

బెల్లంతో చేసినవి కాబట్టి ఫర్వాలేదన్న నమ్మకం గట్టిది. బెల్లంలో కొద్దిగా ఇనుము, మరికొన్ని ఖనిజాలు ఉంటాయన్నది నిజమే. శక్తి విషయంలో మాత్రం బెల్లానికీ చక్కెరకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, రక్తంలో గ్లూకోజును పెంచడంలోనూ లేదు. రాగి జంతికలు, జొన్న చెక్కలు కూడా అంతే. పిండి మారినా నూనె మారలేదు. చక్కెర లేని స్వీట్లని అమ్మేవాటిలో నెయ్యి, కోవా, జీడిపప్పు యథాతథంగా ఉంటాయి. ఇలాంటి పేర్ల వల్ల కలిగే ధైర్యమే అసలు చిక్కు, ఒకటి తినేవాళ్లు మూడు తింటారు.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కేలరీల భోజనానికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు చాలన్నారు. 100 గ్రాముల జంతికల్లో 25–30 గ్రాముల నూనె ఉంటుంది. సినిమా చూస్తూ ఒక గిన్నెడు తినేస్తే ఆ రోజు కోటా అక్కడితో సరి. కూరలో, పప్పు తాలింపులో, నెయ్యి చుక్కలో వచ్చేదంతా అదనం.

రకాలు పెరిగితే ఆకలి పెరుగుతుంది

2022 సంక్రాంతికి పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో కాబోయే అల్లుడికి ఒక కుటుంబం 365 రకాలు వడ్డించిన వార్త దేశమంతా తిరిగింది. ఆప్యాయతకు అది పరాకాష్ఠ. మామూలు ఇళ్లలోనూ పండుగ విస్తరిలో పదిహేను, ఇరవై రకాలు సహజం. ఆకలి పనిచేసే తీరులో ఒక విశేషముంది. ఒకే రుచిని తింటూ పోతే కాసేపటికి ఆ రుచి మీద మొహం మొత్తుతుంది, కడుపు ఇంకా నిండకపోయినా చేయి ఆగుతుంది. కొత్త రుచి ఎదురైతే ఆగిన చేయి మళ్లీ కదులుతుంది. బూరె చాలనుకున్నవారికి పులిహోర కనిపిస్తే చోటు దొరుకుతుంది, పులిహోర చాలనుకుంటే ఆవడ. ఇది తిండిపోతుతనం కాదు, మనిషి శరీరం ఉన్న తీరే అంత. కాబట్టి కుదించవలసింది పరిమాణం కంటే ముందు రకాలను. ఒక పూటకు ఒక తీపి, ఒక కారం అనుకున్న ఇంట్లో ఎవరూ ఆకలితో లేవరు, ఎవరూ ఆయాసంతోనూ లేవరు.

మారు వడ్డన విషయం ఇంకాస్త సున్నితం. "ఇంకొక్కటి, నా మాట కోసం" అన్న పిలుపును కాదనడం తెలుగు ఇంట్లో కష్టం. వద్దని చేయి అడ్డం పెట్టడం కంటే మొదటి వడ్డనలోనే సగం వేయించుకోవడం తేలిక. అప్పుడు మారు అడిగి వేయించుకోవచ్చు, వడ్డించినవారి మనసూ నిండుతుంది. వడ్డించే పెద్దవాళ్లకూ ఒక మనవి. మధుమేహం ఉన్న అల్లుడి విస్తరిలో బలవంతంగా వేసిన రెండో బొబ్బట్టు ప్రేమ అనిపించుకోదు.

పండుగ భోజనంలో అన్నం సంగతి ఎవరూ పట్టించుకోరు. పులిహోర, పొంగలి, బూరెలు, అరిసెలు అన్నిటా బియ్యమో పప్పో బెల్లమో ఉండనే ఉంది. వాటితో పాటు మామూలుగా తినే అన్నం అంతే తింటే రెండు భోజనాలు ఒకే పూట చేసినట్టు. ఆ రోజు తెల్లన్నాన్ని ఒకటి రెండు ముద్దలకు కుదించి, కూరలకూ పెరుగుకూ చోటు ఇస్తే పిండివంటలను నిశ్చింతగా తినవచ్చు. భోజనం కూరతో, పప్పుతో మొదలుపెట్టి తీపిని చివరికి జరిపితే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకడం తగ్గుతుంది. మన వరసలో తీపి ముందు వడ్డిస్తారు. విస్తరిలో వేయించుకుని, తినడం మాత్రం చివర పెట్టుకుంటే సంప్రదాయానికీ లోటు లేదు.

రాత్రి విందు ఉందని పొద్దున్నుంచి ఏమీ తినకుండా ఉండటం చాలామంది చేసే పని. ఖాళీ కడుపుతో విందుకు వెళ్లినవారు మొదటి పది నిమిషాల్లోనే రోజంతటి తిండీ తింటారు. మధ్యాహ్నం పెసరట్టో, గుడ్డో, మజ్జిగతో కొద్దిగా అన్నమో తిని వెళ్లినవారి చేయి నిదానంగా ఉంటుంది. కార్తిక ఉపవాసాలకూ ఇదే వర్తిస్తుంది. పగలంతా ఉపవాసం ఉండి రాత్రికి నేతిలో వేయించిన సగ్గుబియ్యం, బంగాళాదుంపలతో సరిపెడితే బరువు లెక్కలో దక్కేదేమీ లేదు.

మద్యం గురించి చెప్పవలసింది కొద్దే. గ్రాముకు ఏడు కేలరీలు, ఏ పోషకమూ లేదు, పైగా పక్కన వేపుడు ఉండి తీరుతుంది.

వంటింట్లో ఉన్నవారు

పండుగ బరువు గురించిన సలహాలన్నీ తినేవారికి చెబుతారు, వండేవారిని మరిచిపోతారు. రెండు రోజులు బాణలి ముందు కూర్చున్న ఇల్లాలికి నూనె ఆవిరికే భోజనం సహించదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి ఒక ముక్క, విరిగిపోయినవి ఎవరికీ పెట్టలేక కొన్ని, టీతో రెండు. అన్నం మానేసినా ఆ రోజు అందరికంటే ఎక్కువ శక్తి ఆమె ఒంట్లోకే వెళుతుంది, కంచం ముందు కూర్చుని తిన్న తృప్తి మాత్రం ఉండదు. చివర మిగిలిన పాయసం పారబోయలేక తినేదీ ఆమే. నిద్ర తక్కువైతే ఆకలిని పెంచే హార్మోన్లు ఎక్కువై, తీపి మీదికి మనసు పోతుందని కూడా తెలిసిందే. పండుగకు ముందు వారం ఆమె నిద్ర సంగతి ఇంట్లో ఎవరు ఆలోచిస్తారు? పని పంచుకోవడం, ఆమెను అందరితో పాటు కూర్చోబెట్టి వడ్డించడం ఏ ఆహార నియమానికన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. దేశపు సగటు 24 శాతం. మగవాళ్లలో ఆంధ్రప్రదేశ్ 31.1, తెలంగాణ 32.3. ఈ సర్వే శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును చూసే కొలత) 25, ఆపైన ఉంటేనే అధిక బరువుగా లెక్కించింది. భారతీయులు 23 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలని మన వైద్య నిపుణులు చెబుతారు కాబట్టి అసలు సంఖ్య ఇంకా పెద్దదే.

23 దగ్గరే ఎందుకు ఆగాలో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఒక ఫొటో బాగా చెబుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి సూచికా ఒకటే, 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపించే మన ఒళ్లలో కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. ఈ నేపథ్యంలో అర కిలో పెరగడాన్ని అద్దం ముందు అందం లెక్కగా చూడకూడదు. తూకం యంత్రం లేనివాళ్లకు టేపు చాలు. బొడ్డు దగ్గర నడుము కొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

తూకం ఏమి చెబుతుంది

కనుమ మర్నాడు తూచుకుని కిలోన్నర పెరిగిందని కంగారు పడేవాళ్లుంటారు. అందులో అధిక భాగం నీరు. ఉప్పు ఎక్కువ తింటే ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలను శరీరం కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది, ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు తోడుగా చేరుతుంది. మామూలు తిండికి వస్తే మూడు నాలుగు రోజుల్లో అదంతా దిగిపోతుంది. ఆ కంగారులో మొదలుపెట్టే పండ్లరసాల ఉపవాసాలు తగ్గించేదీ ఆ నీటినే. నాలుగు రోజుల తర్వాత నీరసం వస్తుంది, డబ్బా గుర్తుకొస్తుంది.

అయినా తూచుకోవడం మంచి పనే, పద్ధతి ప్రకారం చేస్తే. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 272 మందితో చేసిన ప్రయోగం 2018 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. క్రిస్మస్ కాలంలో ఒక బృందానికి మామూలు ఆరోగ్య కరపత్రం ఇచ్చారు. రెండో బృందాన్ని వారానికి కనీసం రెండుసార్లు తూచుకుని రాసుకోమన్నారు. పది చిన్న సూచనలతో పాటు ఏ పండుగ తిండికి ఎంత సేపు నడవాలో తెలిపే పట్టిక ఇచ్చారు. మొదటి బృందం సగటున 0.37 కిలోలు పెరిగింది, రెండో బృందం 0.13 కిలోలు తగ్గింది. ఎవరినీ పస్తులుండమనలేదు, జిమ్‌కు పంపలేదు. కాగితం మీద రాసుకున్న అంకె మర్నాటి చేతిని కొంత నిదానింపజేసింది, అంతే. తిండి విషయంలో ఇప్పటికే తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లు, ఎదిగే పిల్లలు మాత్రం ఈ పద్ధతికి దూరంగా ఉండాలి. పిల్లల కంచంలోకి తొంగిచూసి లెక్కపెట్టడం ఏ పండుగకూ తగదు.

నడక ఆగిపోవడం మరో కారణం. ఊరికి పది గంటల బస్సు ప్రయాణం, అక్కడ పేకాట, కోడిపందేలు, కొత్త సినిమాలు, కబుర్లు, అన్నీ కూర్చునేవే. "కనుమ నాడు కాకైనా కదలదు" అన్న మాట ఒక రోజుకు చెప్పినది, దాన్ని వారానికి సాగదీస్తున్నాం. గంట సేపు చప్పట్లు కొడుతూ వలయంగా తిరిగే బతుకమ్మ, తెల్లవారుజామున వాకిలంతా వంగి పెట్టే ముగ్గు, మేడ మీద గాలిపటం, ఇవన్నీ పండుగలో భాగంగానే ఒంటిని కదిలించేవి. ఊరికి వెళ్లినప్పుడు పొలం గట్టు దాకా నడిచి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు విందు కోసం భోజనం మానేయడం, "ఈ రోజు ఎక్కువ తిన్నాను" అని మాత్ర సొంతంగా పెంచుకోవడం రెండూ ప్రమాదం. మోతాదు మార్చాలంటే పండుగకు ముందే వైద్యుడిని అడగాలి.

అమెరికాలోని తెలుగు కుటుంబాల పరిస్థితి అన్నిటికంటే క్లిష్టం. దీపావళి, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి ఎడతెగకుండా వస్తాయి. అక్కడి సంఘాలు సంక్రాంతిని వీలున్న శని, ఆదివారాల్లో జరుపుతాయి కాబట్టి ఆ విందులు జనవరి చివర, ఒక్కోసారి ఫిబ్రవరి దాకా పోతాయి. బయట మంచు, నడక లేదు. ఇంటి నుంచి అమ్మ పంపిన పార్శిల్‌లో నిల్వ వంటలే ఉంటాయి, ఎందుకంటే సముద్రాలు దాటి చెడకుండా చేరేవి అవే. ఆ పార్శిల్ విప్పిన రోజే మూడు వంతులు చేసి, రెండు వంతులు స్నేహితుల ఇళ్లకూ ఆఫీసుకూ పంపేస్తే మిగిలినది నాలుగు రోజుల్లో కొత్తగా ఉండగానే అయిపోతుంది. అమ్మ చేతి వంట నూనె వాసన వచ్చే దాకా మిగలకపోవడం కూడా ఒక లాభం.

ఇక్కడి ఇళ్లలోనూ అదే పని భోగికి ముందే చేయవచ్చు. ఐదు కిలోలకు బదులు కిలోన్నర బియ్యం నానబెట్టడం, నాలుగు రకాలకు బదులు ఇంట్లో బాగా కుదిరే రెండు రకాలే చేయడం, చేసిన రోజే పంచే వాటా విడిగా తీసి మూటకట్టడం. మిగిలిన డబ్బాను వంటింటి గట్టు మీద నుంచి తీసి ఎత్తు అరలో పెట్టడం చిన్న పనే కానీ ఫలితం ఇస్తుంది. కళ్ల ముందు ఉన్నది ఆకలి లేకున్నా నోట్లోకి వెళుతుంది, స్టూలు వేసుకుని దించుకోవలసినది ఆకలి ఉంటేనే దిగుతుంది. డబ్బాలోంచి నేరుగా తినకుండా చిన్న పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తింటే ఎన్ని తిన్నామో కంటికి కనబడుతుంది.

ఈ ఏడాది ఇప్పటికే అర కిలో చేరిపోయినవాళ్లకు కూడా వ్యవధి ఉంది. రథసప్తమికి ఒకసారి తూచుకుని, అక్కడి నుంచి ఉగాది లోగా రోజుకు వంద కేలరీలు తగ్గిస్తే, నలభై రోజులకు నాలుగు వేలు, అంటే అర కిలో. వంద కేలరీలంటే టీలో చక్కెర మానేసి, కూరలో ఒక చెంచా నూనె తగ్గించుకోవడం. ఆ అర కిలో దసరా దాకా మోయకుండా ఉగాదికే దింపేయవచ్చు.